రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కున్నప్పుడు: చిన్న కథల మీద బిట్లు చేయడం గురించి ఒక ప్రసంగ పాఠం

వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే. మొదలెట్టేద్దాం.

చిన్న కథ ఒకటిచ్చి కింద నాలుగేసి ఆప్షన్లతో ప్రశ్నలిస్తారు చూడండి, ఇవాళ వాటి సంగతి. వీటి గురించి అందరూ నాతో అనే మాట ఒకటే. సార్, కథ అర్థమైంది, చదువుతుంటే బాగానే ఉంది, తీరా బిట్ల దగ్గరకొచ్చేసరికి రెండు ఆప్షన్లు ఈజీగా కొట్టేస్తాం, మిగిలిన రెండిట్లో ఇరుక్కుపోతాం, ఒకటి పెడతాం, కీ చూస్తే రెండోది. ఇదే కదా? ఆ తల ఊపడాలు చూస్తేనే తెలుస్తోంది.

నేను ఇలాంటి పేపర్లు సెట్ చేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. మీరు ఇరుక్కుపోవడం యాక్సిడెంట్ కాదు. ఆ రెండో ఆప్షన్ని ఒక మనిషి కూర్చుని, మీరు ఎక్కడ జారతారో ఆలోచించి, కావాలని రాశాడు. సరైన జవాబు రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది, మంచి తప్పు జవాబు రాయడానికి మాత్రం ఒక్కోసారి పూటంతా పడుతుంది, ఎందుకంటే అది తప్పై ఉండాలి, చూడ్డానికి మాత్రం తప్పులా ఉండకూడదు. దాన్ని మా వాళ్ళు డిస్ట్రాక్టర్ అంటారు. ఈ డిస్ట్రాక్టర్లు ఏ పద్ధతిలో తయారవుతాయో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఆ పద్ధతులు కూడా బోలెడు లేవు, తిప్పి తిప్పి అవే.

ముందు ఒక కథ చదువుతాను. ఈ క్లాసు కోసమే రాసింది, ఎక్కడా దొరకదు, వెతక్కండి. జాగ్రత్తగా వినండి.

“పక్కింటి కుర్రాడు రోజూ సాయంత్రం వేణువు వాయిస్తాడు. ఒకటే పాట. ఒకే చోట అపస్వరం. సంగీతం టీచరుగా రిటైరైన శారదమ్మకి ఆ చోటు దగ్గరపడుతుంటేనే పళ్ళు బిగుసుకుంటాయి. ఒకరోజు ఉండబట్టలేక, ‘ఆ కిటికీ మూసుకుని వాయించుకో బాబూ’ అంది. మర్నాడు కిటికీ మూసి ఉంది. వేణువు కూడా వినపడలేదు. ఆ మర్నాడూ అంతే. వారం గడిచింది. ఈలోపు శారదమ్మ రెండుసార్లు గోడ దగ్గరికెళ్ళి నిలబడింది. ఆ తర్వాతి సాయంత్రం పెట్టెలోంచి వయొలిన్ తీసి, దుమ్ము తుడిచి, తన కిటికీ తెరిచి, అదే పాట ఎత్తుకుంది. ఆ చోటు వచ్చింది. అదే అపస్వరం, అచ్చం అలాగే పలికించింది. ఆపేసింది. పక్కింటి కిటికీ కిర్రుమంది. కాసేపటికి వేణువు మీద ఒక్క స్వరం వినిపించింది. ఈసారి సరైనది.”

అంతే కథ. ఇప్పుడు మొదటి ప్రశ్న. కుర్రాడు వాయించడం ఎందుకు మానేశాడు? ఎ, పాట మీద విసుగొచ్చింది. బి, శారదమ్మ మాటకి నొచ్చుకున్నాడు. సి, వేరే ఊరు వెళ్ళాడు. డి, వేణువు పాడైంది.

బి. అందరూ చెప్పేశారు, మంచిది. ఇప్పుడు నేను అడ్డం తిరుగుతాను. నొచ్చుకున్నాడు అని కథలో ఎక్కడుంది? చూపించండి. లేదు కదా. ఊరెళ్ళి ఉండొచ్చు కదా? అదుగో, ఆ అమ్మాయి మంచి మాట చెప్పింది, కిటికీ మూసి ఉంది చివర్లో తెరిచారు కాబట్టి మనిషి ఇంట్లోనే ఉన్నాడని. సరే, ఊరెళ్ళి ఆ రోజే తిరిగొచ్చి ఉండొచ్చుగా? ఉండొచ్చు. కథ ఎక్కడా కాదనట్లేదు. విసుగొచ్చి కూడా ఉండొచ్చు. కానీ చూడండి, కథ కాదనకపోవడం వేరు, కథే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళడం వేరు. ఆవిడ మాట అంది, మర్నాడు కిటికీ మూసుకుంది, పాట ఆగింది, ఈ మూడింటినీ రాసినాయన పక్కపక్కన పెట్టాడు, మధ్యలో ఇంకేం పెట్టలేదు. అందుకని బి. మీ నోట్లోంచి ‘అయ్యుండొచ్చు కదా’ అని వచ్చిందంటే మీరు కథలోంచి బయటికొచ్చి సొంత కథ రాస్తున్నారని గుర్తుపట్టండి. ఇదే మాట పేపర్లో పైన ఇన్‌స్ట్రక్షన్లలో కూడా ఉంటుంది, ఎవరూ చదవరు, ‘అన్నిటికంటే సరిపోయే జవాబు గుర్తించండి’ అని. నిజమైన జవాబు అనలేదు, సరిపోయేది అన్నారు. అంటే మిగతా మూడూ అబద్ధాలని రుజువు చేసే పని మీకు లేదు, వాటికంటే దీనికి కథలో ఎక్కువ ఆధారం ఉంటే చాలు.

రెండోది అసలైన ప్రశ్న. శారదమ్మ అపస్వరం ఎందుకు వాయించింది? ఎ, చాలాకాలం వాయించక చెయ్యి తిరగలేదు. బి, కుర్రాణ్ణి వెక్కిరించడానికి. సి, కుర్రాణ్ణి మళ్ళీ వాయించేలా చేయడానికి. డి, సంగీతంలో తప్పొప్పులు ఉండవని ఆవిడకి అర్థమైంది కాబట్టి.

చేతులెత్తండి. సి ఎక్కువ, బి కొంతమంది, ఎ ముగ్గురో నలుగురో, డి కి ఎవరూ లేరు. డి కి ఎవరూ లేకపోతే అది రాసినవాడి కష్టం వేస్టు అన్నమాట (నవ్వులు). ఎ పెట్టినవాళ్ళని ఎవరూ నవ్వకండి, వాళ్ళు కథని మిగతావాళ్ళకంటే జాగ్రత్తగా విన్నారు. వయొలిన్ మీద దుమ్ము ఉంది, విన్నారు కదా, దుమ్ము ఉందంటే వాయించి చాలా రోజులైంది, వాయించి చాలా రోజులైతే తప్పు దొర్లుతుంది, లాజిక్ చక్కగా ఉంది. ఇది డిస్ట్రాక్టర్లలో మొదటి రకం, కథలో నిజంగా ఉన్న ఒక వివరాన్ని తీసుకెళ్ళి దానికి సంబంధం లేని ప్రశ్నకి అతికించడం. దుమ్ము నిజమే. కానీ ‘అదే అపస్వరం, అచ్చం అలాగే’ అనుంది. చెయ్యి తిరగనివాడు ఎక్కడైనా తప్పు వాయిస్తాడు, పాటలో అదే చోట అదే తప్పు అచ్చంగా దొర్లదు. కాబట్టి ఎ పోయింది. ఒక్క మాటతో పోయింది, చూశారా? చాలాసార్లు ఇలా ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది, ‘అచ్చం’, ‘మళ్ళీ’, ‘ఈసారి’, ‘అయినా’ లాంటివి. వేగంగా చదివేటప్పుడు మనం మింగేసేవి కూడా ఇవే.

బి ఇంకా గట్టిది. ఆవిడకి చిరాకు ఉంది, పళ్ళు బిగించింది, కిటికీ మూసుకోమంది, అలాంటావిడ అదే తప్పు వాయించిందంటే వెక్కిరింపే అనిపిస్తుంది. ఇది రెండో రకం, కథ మొదట్లో నిజమై కథ చివరికొచ్చేసరికి నిజం కానిది. పొడుగు కథల్లో, పాత్ర మనసు మారే కథల్లో ఈ రకం ఎక్కువ పెడతాం, ఎందుకంటే చాలామంది మొదటి పేరా బాగా చదివి తర్వాతది జారవిడుస్తారని మాకు తెలుసు. మధ్యలో ఏం జరిగింది? రెండుసార్లు గోడ దగ్గరికెళ్ళి నిలబడింది. అతన్ని కిటికీ మూసుకోమన్నావిడే తన కిటికీ తెరిచింది. వెక్కిరించేవాళ్ళు వారమంతా గోడ దగ్గర చెవులు రిక్కించరు. బి పోయింది.

డి సంగతి. ఇలాంటి ఆప్షన్ వినడానికి గొప్పగా ఉంటుంది, ఫిలాసఫీలా ఉంటుంది, సాహిత్యం బాగా చదివేవాళ్ళు ఒక్కోసారి దీనికే పడతారు, నాకు తెలిసినంతలో సైన్సు పిల్లలు పడరు. సంగీతంలో తప్పొప్పులు లేవనేదే కథ చెప్పదలుచుకున్న విషయమైతే చివరి వాక్యం ‘ఈసారి సరైనది’ అని ఎందుకుంటుంది? సరైనది అనే మాట ఉందంటే తప్పనేది ఒకటుందని కథే ఒప్పుకుంటోంది.

మిగిలింది సి. గమనించారా, సి చాలా చప్పగా ఉంది. ఇందులో గొప్ప ఏమీ లేదు. ఈ రోజు మొత్తంలో ఒక్కటే తీసుకెళ్ళాలనుకుంటే దీన్ని తీసుకెళ్ళండి. సరైన ఆప్షన్ సాధారణంగా తక్కువ మాట్లాడుతుంది, కథ మోయగలిగినంత బరువే పెడుతుంది. ఆవిడ అతన్ని ప్రేమించింది అనదు, క్షమాపణ అడిగింది అనదు, మళ్ళీ వాయించాలనుకుంది అంటుంది, అంతే. రెండిటి మధ్య ఇరుక్కున్నప్పుడు ఏది బాగుంది అని కాకుండా, ఏది తక్కువ క్లెయిమ్ చేస్తోంది, నిలబడ్డానికి దేనికి తక్కువ ఊహలు కావాలి అని అడగండి.

మూడో ప్రశ్న దీనికే టెస్టు. గోడ దగ్గర నిలబడ్డప్పుడు శారదమ్మకి ఏమనిపించి ఉంటుంది? ఎ ఉపశమనం, బి చిరాకు, సి వెలితి, డి పశ్చాత్తాపం.

చూశారా, ఇప్పుడు హాలు రెండుగా చీలిపోయింది. ఎ, బి లు ఎవరికీ అక్కర్లేదు. ఆ నాలుగో వరుసలో ఎవరో పశ్చాత్తాపం అని గట్టిగా అంటున్నారు, ఎందుకమ్మా? తన మాట వల్లే ఆగిపోయాడు కాబట్టి, కరెక్టే, తర్వాత చేసిన పని కూడా దిద్దుకోవడంలానే ఉంది. నేను కాదనను. ఒక పాఠకుడిగా నన్నడిగితే ఆవిడకి రెండూ ఉన్నాయనే అంటాను. కానీ ఆ క్షణంలో, ఆ వాక్యంలో, ఆవిడ గోడ దగ్గరికెళ్ళింది, గోడ దగ్గరికి ఎందుకెళ్తారు, వినపడుతుందేమోనని. రోజూ వినపడేది వినపడట్లేదు, అది వెలితి. అది పశ్చాత్తాపం కావాలంటే ఇంకో మెట్టెక్కాలి, ‘నా వల్లే కదా’ అని ఆవిడ అనుకోవాలి, ఆ మెట్టు కథలో ఆ చోట కనపడట్లేదు. కాబట్టి కీ లో సి ఉంటుంది. అయితే ఒక మాట చెప్పాలి, ఇది మంచి ప్రశ్న కాదు. మంచి పేపర్ అయితే వెలితినీ పశ్చాత్తాపాన్నీ ఒకే ప్రశ్నలో పెట్టరు, పెడితే సగంమంది తెలివైనవాళ్ళు తెలివి వల్లే మార్కు పోగొట్టుకుంటారు. కానీ పరీక్షలో మంచి ప్రశ్నలే వస్తాయని గ్యారంటీ లేదు కదా, అందుకే నేర్చుకోవాలి.

అసలు ఈ ఆప్షన్ల గోల ఎక్కడ మొదలైందో కాస్త చెప్తాను, బోర్ కొట్టదు. అమెరికాలో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అని ఒక విద్యావేత్త ఉండేవాడు. 1914లో ఆయన డాక్టరేట్ కోసం చేసిన పనే టీచర్లు వేసే మార్కుల మీద, ఒకే జవాబుకి ఒక్కో టీచరు ఒక్కోలా మార్కులేస్తున్నారని. మరి టీచరు ఇష్టాయిష్టాలు లేకుండా దిద్దడం ఎలా? అలా పుట్టింది కాన్సస్ సైలెంట్ రీడింగ్ టెస్ట్, 1915 ప్రాంతంలో, మల్టిపుల్ చాయిస్ టెస్టులకి మొదటిదని సాధారణంగా దీన్నే చెప్తారు. పిల్లలకి టైము అయిదు నిమిషాలు. అందులో ఒక ప్రశ్న ఏంటంటే, కింద నాలుగు జంతువుల పేర్లున్నాయి, పొలంలో పనికొచ్చే జంతువు పేరు చుట్టూ గీత గీయండి, ఆవు, పులి, ఎలుక, తోడేలు. దీని మీద ఎవరైనా వాదిస్తారా? వాదించరు. ఆయనకి కావలసిందే అది, రెండో అభిప్రాయానికి చోటు లేకుండా ఉండటం. ఆవూ పులీ ప్రశ్నకి పుట్టిన ఈ పద్ధతిని తర్వాత తెచ్చి కథల మీద పెట్టారు, కథేమో రెండో అభిప్రాయం మీదే బతుకుతుంది. ఆ గొడవ ఇప్పటికీ తీరలేదు, మనం ఇందాక పడిందీ ఆ గొడవే.

ఇది మరీ ముదిరి 2012లో న్యూయార్క్ రాష్ట్రంలో పేపర్లకెక్కింది. ఎనిమిదో తరగతి పరీక్షలో ఒక కథ ఇచ్చారు. మాట్లాడే అనాసపండు కుందేలుతో పరుగు పందెం వేస్తుంది, ఇది ఏదో ఉపాయం పన్నే ఉంటుందని జంతువులన్నీ దాని పక్షం చేరతాయి, పందెం మొదలయ్యాక అనాసపండు కదలనే కదలదు, కుందేలు గెలుస్తుంది, జంతువులు అనాసపండుని తినేస్తాయి. కథ సరదాగా ఉంది, దానికేం. ప్రశ్నలే, జంతువులు దాన్ని ఎందుకు తిన్నాయి అని ఒకటి, వీళ్ళలో అందరికంటే తెలివైనవాళ్ళెవరు అని ఇంకొకటి. కోపంతో తిన్నాయా, ఆకలితోనా, సరదాకా? పిల్లలు తికమకపడ్డారు, పెద్దవాళ్ళు కూడా తేల్చలేకపోయారు, చివరికి ఆ ప్రశ్నల మార్కులు లెక్కలోంచి తీసేశారు. నాకు దీంట్లో నచ్చేది ఏంటంటే, అది అర్థంపర్థం లేకుండా ఉండాలనే రాసిన కథ. అలాంటి కథలో కారణాలు అడగడమే తప్పు, కారణం లేకపోవడమే అక్కడి జోకు. అలాంటి కథ మీకొస్తే ఏం చేస్తారు? కథలో వరసగా జరిగిన వాటిని చూడండి, గెలుస్తుందని నమ్మారు, అది నమ్మకం నిలబెట్టలేదు, తిన్నారు. కోపం వైపు ఒక అడుగు ఎక్కువ ఆధారం ఉంది. ఆకలి గురించి ఒక్క మాట లేదు. అదే పెట్టి ముందుకెళ్ళిపోండి, ప్రశ్న బాలేదని కోపం తెచ్చుకుంటూ కూర్చుంటే తర్వాతి కథకి టైము ఉండదు.

సరే, నాలుగో ప్రశ్న, కథ సారాంశం. ఎ, సంగీతానికి హద్దులు లేవు. బి, పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు. సి, ఇరుగుపొరుగు వాళ్ళు కిటికీలు మూసి ఉంచుకోవడం మంచిది. డి, తప్పు ఎత్తిచూపి దూరం చేసుకున్న మనిషిని, తానూ ఆ తప్పులో పాలుపంచుకోవడం ద్వారా ఒకరు మళ్ళీ దగ్గర చేసుకుంటారు.

సి ఉత్త నింపుడు సరుకు, నాలుగు కావాలి కాబట్టి పెట్టారు. 2005లో రోడ్రిగెజ్ అనే ఆయన ఎనభై ఏళ్ళ పరిశోధనలన్నీ కలిపి చూసి మూడు ఆప్షన్లు చాలని తేల్చాడు, ఎందుకంటే నాలుగోదాన్ని ఎలాగూ ఎవరూ పెట్టరు. అయినా మేం నాలుగు రాస్తూనే ఉంటాం, అలవాటు. ఎ మరీ పెద్దది, ఏ సంగీతం కథ కిందైనా రాయొచ్చు, వేరే కథకి కూడా అంతే సరిపోయే వాక్యం ఈ కథ సారాంశం కాదు. బి చూడండి, ఇది గమ్మత్తుగా ఉంటుంది, చివర కుర్రాడు సరిగ్గా వాయించాడు కాబట్టి పట్టుదల అనిపిస్తుంది, కానీ వారం రోజులు వాడు వాయించినట్టే కథలో లేదు, మరి పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది? మన బుర్రలోంచి, చిన్నప్పటినుంచి విన్న నీతుల్లోంచి. మూడో రకం డిస్ట్రాక్టర్ అదే, లోకంలో నిజమే, కథలో లేదు.

డి జవాబు. ఇప్పుడొక కిటుకు, చెప్పొచ్చో లేదో. డి అన్నిటికంటే పొడుగ్గా ఉంది. సరైన ఆప్షన్ని ఎవరూ తప్పు పట్టకుండా చేయడానికి మేం దానికి మాటలు చేరుస్తూ పోతాం, అది పొడుగైపోతుంది. శిక్షణ ఉన్నవాళ్ళు మిగతావాటిని కూడా సాగదీసి సమానం చేస్తారు, లేనివాళ్ళు వదిలేస్తారు. ఇలాంటి లీకులు ఎంతున్నాయంటే, 1990లో స్టువర్ట్ కాట్జ్, ఆయన తోటివాళ్ళు విద్యార్థులకి శాట్, అంటే అమెరికాలో కాలేజీలో చేరడానికి రాసే పరీక్ష, దాని రీడింగ్ ప్రశ్నలు ప్యాసేజ్ ఇవ్వకుండా ఇచ్చి చూశారు. అయిదేసి ఆప్షన్లు, గుడ్డిగా పెడితే నూటికి ఇరవై రావాలి, వాళ్ళకి అంతకంటే బాగా ఎక్కువ వచ్చాయి. ప్యాసేజే చదవకుండా! కానీ దయచేసి దీన్ని పట్టుకుని కథ మానేసి ఆప్షన్లు కొలవకండి, పొడుగు చూసి పెట్టేవాళ్ళ కోసమే పొడుగు డిస్ట్రాక్టర్లు రాసేవాళ్ళు కూడా ఉన్నారు, నేనే రాశాను.

అలాంటిదే ఇంకోటి, కథలో ఉన్న మాటే ఆప్షన్లో కనపడితే పెట్టేయడం. 2013లో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ వాళ్ళు కంప్యూటర్లు కథల్ని ఎంత అర్థం చేసుకుంటాయో చూద్దామని ఎంసీటెస్ట్ అని ఒకటి తయారుచేశారు, చిన్నపిల్లలు చదవగలిగే కథలు 660, కథకి నాలుగు ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు. అర్థం సంగతి వదిలేసి మాటలు ఎన్ని కలిశాయో లెక్కపెట్టే సాదా పద్ధతికే సగం కంటే ఎక్కువ సరిగ్గా వచ్చాయి. అంటే చిన్నపిల్లల కథల్లో ఈ కిటుకు పనిచేస్తుంది. మీ పేపర్లో ఇది తిరగబడుతుంది, పెద్దవాళ్ళ పరీక్షల్లో సరైన జవాబుని కథలోని మాటలు వాడకుండా వేరే మాటల్లో రాస్తాం, కథలోని మాటల్ని తెచ్చి తప్పు ఆప్షన్లో పెడతాం. దుమ్ము గుర్తుందిగా.

ఇప్పుడు ప్రశ్నలు. చీటీలు వచ్చాయి.

“ముందు ప్రశ్నలు చదవాలా, కథ చదవాలా?” సమాచారం ఇచ్చే ప్యాసేజ్ అయితే ముందు ప్రశ్నలు చూసినా పర్లేదు. కథకి మాత్రం నేను ఒప్పుకోను. ప్రశ్నలు ముందు చదివితే మీరు కథలో వాటినే వెతుకుతారు, ‘అచ్చం’ లాంటి మాట కంటికి ఆనదు. మరీ టైము లేకపోతే ప్రశ్న మాత్రం చూడండి, ఆప్షన్లు చూడకండి, ఆప్షన్లు నాలుగైతే మూడు అబద్ధాలు, కథకంటే ముందు మూడు అబద్ధాలు బుర్రలో పెట్టుకుని ఎందుకు వెళ్ళడం. ఇంకా మంచి పద్ధతి, కథ చదివాక ఆప్షన్లని చేత్తో మూసేసి జవాబు మీ సొంత మాటల్లో అనుకోండి, తర్వాత చెయ్యి తీసి దానికి దగ్గరగా ఉన్నది చూడండి. మొదట్లో లేటవుతుంది. అలవాటయ్యాక టైము కలిసొస్తుంది, ఎందుకంటే ఆప్షన్ల మధ్య అటూ ఇటూ తిరగడమే మన టైమంతా తినేది.

“నెగెటివ్ మార్కులుంటే వదిలేయాలా?” లెక్క వేయండి. పాత శాట్‌లో అయిదు ఆప్షన్లు, తప్పుకి పావు మార్కు కోత, 2016లో ఆ కోత తీసేసి ఆప్షన్లు నాలుగు చేశారు. ఆ పాత లెక్కలో గుడ్డిగా పెడితే సగటున లాభం నష్టం సున్నా, అలా ఉండాలనే పెట్టారు. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగినా మిగిలిన నాలుగులో పెడితే ప్రశ్నకి సగటున మార్కులో 16వ వంతు లాభం. రెండు మిగిలితే ఇంకా చాలా ఎక్కువ. కథల బిట్లలో రెండు కొట్టేయలేని పరిస్థితి అరుదు, కాబట్టి రెండిటి మధ్య ఇరుక్కుని ఖాళీగా వదిలేయడం దండగ. మీ పరీక్షలో కోత ఎంతో చూసుకుని ఇదే లెక్క చేసుకోండి, తప్పుకి అర మార్కు కోసినా రెండిటిలో పెట్టడం లాభమే.

“మొదట అనిపించిందే కరెక్టు అంటారు, మార్చొద్దంటారు?” ఇది అందరూ చెప్పేదే, కానీ జవాబు పత్రాల్లో దిద్దిన గుర్తులు లెక్కపెట్టినవాళ్ళు వేరేలా చెప్తున్నారు. 2005లో క్రూగర్, ఆయన తోటివాళ్ళు అమెరికాలో యూనివర్సిటీ విద్యార్థుల పేపర్లు 1,500 పైచిలుకు చూస్తే, మార్చినవాటిలో సగం తప్పు నుంచి ఒప్పుకి వెళ్ళాయి, ఒప్పు నుంచి తప్పుకి వెళ్ళినవి పావు వంతే. మార్చి పోగొట్టుకున్నది మనకి ఎక్కువ గుర్తుంటుంది, బాధ ఎక్కువ కదా. అయితే మార్చడానికి ఒక కారణం చూపించాలి, కథలో ఫలానా మాట ముందు చూడలేదు, ఇప్పుడు చూశాను అని. ఊరికే భయమేసి మార్చేది వేరు.

ఇంకో చీటీ, “ఆ చివరి స్వరం వాయించింది కుర్రాడే అని ఎలా చెప్తారు, కథలో లేదు కదా?” ఎవరిది ఇది? బాగా అడిగారు. లేదు, నిజమే. కిటికీ పక్కింటిది, వేణువు వాడిది, పాట వాడిది, ఇంకెవరో వాయించారనుకోవాలంటే ఇంట్లోకి కొత్త మనిషిని తేవాలి, తక్కువ ఊహలు కావాలి అన్నాను కదా. కానీ పేపర్లో ‘కథ ప్రకారం కచ్చితంగా చెప్పగలిగేది ఏది’ అని అడిగి ఒక ఆప్షన్లో ‘కుర్రాడు సరిగ్గా వాయించాడు’ అనీ ఇంకో ఆప్షన్లో ‘చివరికి సరైన స్వరం వినిపించింది’ అనీ పెడితే మాత్రం రెండోదే పెట్టాలి.

సరే, ఇప్పుడు రెండో కథ కాగితాలు పంచుతున్నారు, పేజీకి రెండువైపులా ఉంది, తిప్పి చూసుకోండి. ఆప్షన్లు వెనకవైపు ప్రింట్ చేయించాను, కావాలనే. ముందు కథ చదవండి, పది నిమిషాలు ఇస్తాను, ఆ తర్వాత ఆఖరి ప్రశ్నతో మొదలెడదాం, కీ మీద మీకూ నాకూ గొడవ పడేది దాని దగ్గరే.